పొగ లేని నిప్పును రక్తపరీక్ష పట్టగలదా?

పాతబస్తీలో ఇప్పుడు ఏ పెద్ద వీధికి వెళ్లినా రక్తపరీక్షలు చేసే కేంద్రం ఒకటి కనబడుతుంది. శాలిబండలో, మొఘల్‌పురాలో, యాకుత్‌పురాలో మందుల షాపుల సరసనే అద్దాల తలుపు ఉన్న ఒక చిన్న గది, దాని మీద ఇన్ని రూపాయలకు ఇన్ని పరీక్షలు అంటూ ఒక బోర్డు. ఆ పరీక్షల పట్టీలో సాధారణంగా "సి.ఆర్.పి." అనే మూడక్షరాలు ఉంటాయి. ఈ మూడక్షరాలకూ రొమ్ము కాన్సరుతో చనిపోయే ప్రమాదానికీ సంబంధం ఉన్నదని శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. సంబంధం ఉన్నమాట నిజమే. అయితే అది ఎటువంటి సంబంధం? ఆ అంకె తక్కువగా ఉంటే ఇంట్లో అమ్మ క్షేమంగా ఉన్నట్లేనా? ఎక్కువగా ఉంటే ప్రమాదం వచ్చినట్లేనా?

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. శాస్త్రజ్ఞులకు ఆ అంకె చాలా విలువైనది. కాని రొమ్ము కాన్సరు ఉన్నదో లేదో తెలుసుకుందామని దానికోసం డబ్బు ఖర్చుపెట్టడం దండగ. దండగే కాదు, ఒక్కొక్కప్పుడు ప్రమాదం కూడా. ఎందుకో వివరిస్తాను. విన్న తర్వాత ఒప్పుకోవాలో వద్దో మీరే తేల్చుకోండి.

ముందు ఒక మాట. ఈ జబ్బు పేరు ఎత్తడానికే మన ఇళ్లలో చాలామందికి మొహమాటం. పాఠ్యపుస్తకంలో గుండె, ఊపిరితిత్తులు, కాలేయం, మూత్రపిండాలు అన్నీ రంగుల బొమ్మలతో ఉంటాయి. రొమ్ము అనే మాట దగ్గరికి వచ్చేసరికి మాత్రం గొంతు తగ్గిపోతుంది. అదీ ఒక అవయవమే. పాలనిచ్చే గ్రంథులు, ఆ పాలు ప్రవహించే నాళాలు, వాటి చుట్టూ కొవ్వు – ఇంతే. ఆ నాళాల గోడల్లోని కణాలు అదుపు తప్పి పెరగడమే రొమ్ము కాన్సరు. పాతబస్తీలో కాన్సరును ఉర్దూలో "సర్తాన్" అంటారు. సర్తాన్ అంటే ఎండ్రకాయ! మన కర్కాటక రాశిలోని కర్కాటకం కూడా ఎండ్రకాయే. గ్రీకు భాషలో "కార్కినోస్" అన్నా అదే. కణితి చుట్టూ ఉబ్బిన రక్తనాళాలు ఎండ్రకాయ కాళ్లలా కనబడినందువల్ల పూర్వపు వైద్యులు ఆ పేరు పెట్టారట. ఇన్ని భాషలవాళ్లు ఒకే జంతువు పేరుతో పిలిచారంటే, ఇది నిన్న మొన్న పుట్టుకొచ్చిన జబ్బు కాదని తెలుస్తూనే ఉంది కదా!

ఇక అసలు సంగతికి వద్దాం. కాలిలో ముల్లు దిగిందనుకోండి. మర్నాటికి ఆ చోటు ఎర్రబడుతుంది, వేడెక్కుతుంది, వాస్తుంది, నొప్పి పెడుతుంది. ఈ నాలుగు లక్షణాలనూ రెండువేల సంవత్సరాల క్రితమే రోము నగరంలో సెల్సస్ అనే రచయిత రాసిపెట్టాడు. మన సుశ్రుతుడు దీనినే "వ్రణశోథ" అన్నాడు. చార్మినారు పక్కనున్న యునానీ ఆసుపత్రిలో హకీమును అడిగితే "వరమ్" అంటాడు. డాక్టరు గారు ఇన్‌ఫ్లమేషన్ అంటారు. మనం శోథ అందాం. హకీము చెప్పే వరమ్ మన తెలుగు వరం కాదు సుమా! కాని ఆలోచించి చూస్తే శోథ నిజంగా ఒక వరమే. అది లేకపోతే చిన్న ముల్లు గుచ్చుకున్నా మనిషి బతికి బట్టకట్టలేడు.

ముల్లుతోపాటు సూక్ష్మజీవులు లోపలికి వెళతాయి. అక్కడ కాపలా ఉన్న కణాలు వాటిని గుర్తుపట్టి కొన్ని రసాయనాలను విడుదల చేస్తాయి. రక్తనాళాలు వెడల్పవుతాయి, అందుకే ఎరుపు, వేడి. నాళాలనుంచి ద్రవం బయటికి ఊరుతుంది, అందుకే వాపు. తెల్ల రక్తకణాలు గుంపులు గుంపులుగా అక్కడికి చేరుకుంటాయి. ఇంతలో ఆ కణాలు పంపిన మరో రసాయనం రక్తంలో ప్రయాణించి కాలేయాన్ని చేరుతుంది. దాని పేరు ఇంటర్‌ల్యూకిన్-6. ఈ కబురు అందగానే కాలేయం కొన్ని ప్రత్యేకమైన ప్రొటీన్లను తయారుచేసి రక్తంలోకి వదులుతుంది. వాటిలో ముఖ్యమైనది సి-రియాక్టివ్ ప్రొటీను. అదే మన సి.ఆర్.పి.

దీనికి ఆ పేరు రావడం తమాషాగా ఉంటుంది. 1930లో న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ సంస్థలో టిల్లెట్, ఫ్రాన్సిస్ అనే ఇద్దరు న్యుమోనియా రోగుల రక్తాన్ని పరీక్షిస్తున్నారు. న్యుమోనియా సూక్ష్మజీవినుంచి వేరుచేసిన రకరకాల పదార్థాలలో ఒకదానికి "సి" అని గుర్తుపెట్టారు. రోగి రక్తంలోని ఏదో పదార్థం ఈ "సి"తో కలిసి గసిలాగా అడుక్కు దిగింది. రోగికి నయమయ్యాక అదే పరీక్ష చేస్తే ఏమీ దిగలేదు. "సి"తో చర్య జరిపే ప్రొటీను కాబట్టి సి-రియాక్టివ్ ప్రొటీను అన్నారు. న్యుమోనియా ఒక్కటే కాదు, ఇంకా అనేక జబ్బులలో ఇది పెరుగుతుందని తర్వాత తేలింది. ఆరోగ్యంగా ఉన్నవారిలో ఇది సాధారణంగా లీటరుకు 3 మిల్లీగ్రాముల లోపు ఉంటుంది. తీవ్రమైన సూక్ష్మజీవి దాడిలో 100 దాటిపోతుంది. కారణం తొలగిపోతే సుమారు 19 గంటలకు ఒకసారి సగానికి సగం తగ్గిపోతూ వస్తుంది. లెక్కల్లో మీరు నేర్చుకునే గుణశ్రేఢి ఇక్కడ రక్తంలోనే కనబడుతుందన్నమాట.

దీనికంటె పాత పరీక్ష ఒకటుంది – ఇ.ఎస్.ఆర్. రక్తం గడ్డకట్టకుండా మందు కలిపి, సన్నని గాజు గొట్టంలో నిలబెట్టి, గంటలో ఎర్రకణాలు ఎన్ని మిల్లీమీటర్లు కిందికి దిగాయో చూస్తారు. శోథ ఉన్నప్పుడు రక్తంలో ఫైబ్రినోజెన్ వంటి ప్రొటీన్లు పెరిగి, బిళ్లల్లాంటి ఎర్రకణాలు ఒకదానిమీద ఒకటి అతుక్కుంటాయి. లాడ్ బజారులో గాజుల వరసలు పేర్చి ఉంచుతారే, సరిగ్గా అలాగ. విడి గాజు కంటె గాజుల కట్ట తొందరగా నీళ్లలో మునిగినట్లు, ఈ కట్టలు వేగంగా అడుక్కు దిగుతాయి. చవకైన పరీక్ష, చక్కని పరీక్ష. దేనివల్ల పెరిగిందో మాత్రం చెప్పదు. సి.ఆర్.పి. కూడా అంతే. ఎక్కడో నిప్పు ఉన్నదని చెబుతుంది. ఏ ఇంట్లో అన్నది చెప్పదు.

ముల్లు తీసేస్తే శోథ చల్లారుతుంది. కాన్సరు కణితి విషయంలో అలా జరగదు. 1863లోనే జర్మనీ శాస్త్రజ్ఞుడు విర్షో కణితులలో తెల్ల రక్తకణాలు గుమిగూడి ఉండటం గమనించి, శోథకూ కాన్సరుకూ బంధుత్వం ఉండవచ్చునన్నాడు. 1986లో అమెరికాలో డ్వోరాక్ అనే వైద్యుడు, కణితులంటే మానని గాయాలని వర్ణించాడు. ఎంత సరైన పోలిక! గాయం తగిలితే దాన్ని పూడ్చడానికి శరీరం మేస్త్రీలను పంపుతుంది, సామాను చేరవేయడానికి కొత్త రక్తనాళాలు వేస్తుంది, పని అయిపోగానే అందరినీ వెనక్కి పిలుస్తుంది. కణితి దగ్గర ఆ పని ఎన్నటికీ అయిపోదు. వచ్చిన మేస్త్రీలు అక్కడే ఉండిపోతారు, వాళ్లు వేసిన రక్తనాళాలనుంచి కణితి తన ఆహారం లాక్కుంటుంది. ఇల్లు బాగుచేయడానికి వచ్చినవాళ్లు తెలియకుండానే దొంగకు నిచ్చెన వేసి పెట్టినట్లవుతుంది.

కొవ్వు సంగతీ ఇక్కడే చెప్పాలి. కొవ్వు అంటే ఊరికే నిలవ ఉన్న నూనె అని చాలామంది అనుకుంటారు. కాదు, అది పనిచేసే కణజాలం. శరీరం బాగా లావెక్కినప్పుడు కొవ్వుకణాలు ఉబ్బి కొన్ని చచ్చిపోతాయి. వాటిని తినివేయడానికి మాక్రోఫేజ్ కణాలు వచ్చి చుట్టూ కిరీటంలాగా కూర్చుంటాయి. రొమ్ములోని కొవ్వులో కూడా సూక్ష్మదర్శినితో ఈ కిరీటాలను చూడవచ్చు. ఇది కంటికి కనబడని, నొప్పి తెలియని సన్నపాటి శోథ. పైగా బహిష్టులు ఆగిపోయిన వయసులో ఈస్ట్రోజెన్ అనే హార్మోను ముఖ్యంగా కొవ్వులోనే తయారవుతుంది. ఆ హార్మోను చాలా రకాల రొమ్ము కాన్సర్లకు ఎరువులాంటిది. అందువల్ల నడక, వ్యాయామం అనేవి అందం కోసం చెప్పే మాటలు కావు. ఐతే గజిబిజిగా అల్లుకున్న సందుల్లో, ఆటోల మధ్య, బురఖా వేసుకున్న పెద్దావిడ ఉదయం అరగంట నడవాలంటే ఎక్కడ నడవాలి? ఈ ప్రశ్న డాక్టరును కాదు, ఊరికి నక్షా గీసేవాళ్లను అడగాలి.

సరే, ఈ అంకెకూ మరణానికీ సంబంధం ఎలా తెలిసింది? అమెరికాలో రొమ్ము కాన్సరుకు చికిత్స పొంది, మళ్లీ జబ్బు జాడ కనబడకుండా ఉన్న 734 మంది స్త్రీల రక్తాన్ని పరీక్షించారు. జబ్బు బయటపడిన సుమారు రెండున్నర సంవత్సరాల తర్వాత తీసిన రక్తం అది. ఆ పైన కొన్నేళ్లపాటు ఎవరు బతికున్నారు, ఎవరు చనిపోయారు అని లెక్క చూశారు. ఫలితాలు 2009లో ప్రచురించారు. సి.ఆర్.పి. బాగా ఎక్కువగా ఉన్న మూడోవంతు స్త్రీలకు చనిపోయే ప్రమాదం, తక్కువగా ఉన్న మూడోవంతు వారితో పోలిస్తే రెండు రెట్లకు పైగా ఉంది – 2.27 రెట్లు. సీరం అమిలాయిడ్-ఎ అనే మరో శోథ ప్రొటీను విషయంలో ఇది 3 రెట్లు దాటింది. వయసు, జబ్బు ముదిరిన దశ, శరీరపు బరువు వీటి తేడాలను లెక్కలోంచి తీసేసినా సంబంధం నిలబడింది. 2011లో డెన్మార్కులో 2,910 మంది స్త్రీల రక్తాన్ని జబ్బు బయటపడినప్పుడే పరీక్షిస్తే అక్కడా ఇదే ధోరణి కనబడింది.

రెండు రెట్లు అంటే గుండె గుభేలుమంటుంది. ఇక్కడ కొంచెం ఆగండి. రెట్లు చెప్పేవాడిని ఎప్పుడూ "దేనికి రెండు రెట్లు?" అని అడగాలి. ఒక ఊహ చేద్దాం. తక్కువ అంకె ఉన్న నూరుగురిలో పదిమంది చనిపోయారనుకుంటే, ఎక్కువ అంకె ఉన్న నూరుగురిలో సుమారు ఇరవై ఇద్దరు. అంటే ఎక్కువ అంకె ఉన్నవారిలోనూ డెబ్బై ఎనిమిదిమంది బతికే ఉన్నారు! మొత్తం గుంపు సంగతి చెప్పగల అంకె, ఆ గుంపులో ఉన్న మీ పిన్ని సంగతి చెప్పలేకపోవచ్చు.

ఇంకా పెద్ద చిక్కు ఒకటుంది. సి.ఆర్.పి. తానే హాని చేస్తున్నదా, లేక జరుగుతున్న హానికి సాక్షిగా నిలబడి ఉన్నదా? పోట్లాట జరిగినచోట ఎప్పుడూ కనబడే మనిషి పోట్లాడేవాడే కానక్కరలేదు, పోలీసువాడు కూడా కావచ్చు. దీన్ని తేల్చడానికి శాస్త్రజ్ఞులు ఒక చక్కని ఉపాయం పన్నారు. కొంతమందికి పుట్టుకతోనే వచ్చిన జన్యువులవల్ల జీవితమంతా సి.ఆర్.పి. కాస్త ఎక్కువగా ఉంటుంది. అమ్మానాన్నలనుంచి ఏ జన్యువు వస్తుందనేది లాటరీ చీటీ లాంటిది. అందులో తిండి, బరువు, పొగతాగడం వంటివేవీ జోక్యం చేసుకోలేవు. సి.ఆర్.పి. నిజంగా దోషి అయితే, ఆ జన్యువులున్నవారికి కాన్సర్లు ఎక్కువ రావాలి. డెన్మార్కులో వేలాదిమందిని పరీక్షించి 2010లో ప్రచురించిన ఫలితాలలో అలా కనబడలేదు. అంటే సి.ఆర్.పి. పొగే కాని నిప్పు కాదు.

గుర్తును పట్టుకుని దాన్నే అసలు విషయమనుకోవడం మన ఊరికి కొత్తేమీ కాదు. పాతబస్తీనుంచి నయాపూల్ దాటి మూసీకి అవతలి ఒడ్డున అడుగుపెడితే అఫ్జల్‌గంజ్. అక్కడ అప్పుడున్న ఆసుపత్రి 1908 వరదలో పోయింది. ఆ ఆసుపత్రి రోజుల్లో, 1888లోనూ 1889లోనూ, ఎడ్వర్డ్ లారీ అనే వైద్యుడి ఆధ్వర్యాన హైదరాబాదు క్లోరోఫాం కమిషన్లు పనిచేశాయి. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ డబ్బిచ్చాడు, లండన్‌నుంచి లాడర్ బ్రంటన్ అనే ప్రసిద్ధ శాస్త్రజ్ఞుడు వచ్చాడు. క్లోరోఫాం ఇచ్చి మత్తులో ఉంచినప్పుడు రోగులు హఠాత్తుగా ఎందుకు చనిపోతున్నారన్నది ప్రశ్న. వందల జంతువుల మీద ప్రయోగాలు చేశారు. ముందు ఆగేది శ్వాసే, కాబట్టి శ్వాసను కనిపెట్టి ఉంటే చాలు, నాడిని చూడనక్కరలేదు అని తేల్చారు. వాళ్లు చూసింది అబద్ధం కాదు. మోతాదు మించినప్పుడు శ్వాసే ముందు ఆగుతుంది. కాని 1911లో లెవీ అనే ఇంగ్లీషు వైద్యుడు, తక్కువ మోతాదులో కూడా గుండె లయ తప్పి ఒక్కసారిగా ఆగిపోగలదని చూపించాడు. ఒక గుర్తును నమ్ముకుని రెండోదాన్ని వదిలేయడం ఎంత ప్రమాదమో అప్పటికి గాని స్పష్టంగా తెలియలేదు. ప్రపంచమంతా చెప్పుకున్న హైదరాబాదు ప్రయోగం ఇది. దీన్ని మన పాఠ్యపుస్తకాలలో పెడితే బాగుండునని నాకు ఎప్పటినుంచో కోరిక.

"శోథ చెడ్డదయితే శోథను తగ్గించే మాత్ర వేసుకుంటే సరిపోదా?" అని మీలో చురుకైనవాళ్లు అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. శాస్త్రజ్ఞులు ఊరికే తర్కించుకుంటూ కూర్చోలేదు, పరీక్షించి చూశారు. రొమ్ము కాన్సరుకు చికిత్స పొందిన 3,020 మందిని చీటీలు వేసినట్లు రెండు జట్లు చేసి, ఒక జట్టుకు రోజూ 300 మిల్లీగ్రాముల ఆస్పిరిన్, రెండో జట్టుకు అచ్చం అలాగే ఉండే ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. ఎవరిది ఏ మాత్రో వాళ్లకే తెలియదు. జబ్బు తిరగబెట్టకుండా ఆస్పిరిన్ కాపాడుతుందని ఆశించారు. కాపాడలేదు. లాభం కనబడే అవకాశం లేదని తేలి పరీక్షను ముందే ఆపేశారు. ఈ ఫలితం 2024లో ప్రచురితమైంది. శోథకూ కాన్సరుకూ సంబంధం లేదని దీని అర్థం కాదు. శోథలో వేల రకాల కణాలు, రసాయనాలు ఉన్నాయి. ఒక్క మాత్ర వాటన్నిటినీ సరిచేస్తుందనుకోవడం, చౌమహల్లా ప్యాలెస్ గదులన్నిటికీ ఒకే తాళంచెవి ఉంటుందనుకోవడం వంటిది.

ఈ సందర్భంలో మన ఎల్లాప్రగడ సుబ్బారావు గారిని తలుచుకోకుండా ఉండలేను. 1895లో భీమవరంలో పుట్టి, అమెరికాలో లెడర్లే ప్రయోగశాలలో పరిశోధన నడిపిన ఆయన బృందంనుంచే మెథోట్రెక్సేట్ అనే మందు వచ్చింది. 1976లో ఇటలీలో బొనడోనా రొమ్ము కాన్సరు ఆపరేషన్ తర్వాత మూడు మందులు కలిపి ఇచ్చి, జబ్బు తిరగబెట్టడం తగ్గుతుందని చూపించాడు. ఆ మూడింటిలో ఒకటి ఇదే. అదే మందును చిన్న మోతాదులో, వారానికి ఒకసారి, కీళ్లవాతం శోథను అణచడానికి ఇస్తారు. ఒకే మందు అటు కాన్సరుకూ ఇటు శోథకూ. కాని ఏది ఎవరికి ఎంత అన్నది ఇలాంటి జాగ్రత్తగల పరీక్షలవల్లనే తేలింది.

ఇక అద్దాల తలుపు గది సంగతి చూద్దాం. సి.ఆర్.పి. జలుబుకు పెరుగుతుంది, పుచ్చిన పంటికి పెరుగుతుంది, చికున్‌గున్యాకు పెరుగుతుంది, లావుగా ఉన్నా పెరుగుతుంది. కాబట్టి అంకె పెరిగిందని చూసి ఒక ఇల్లాలు నెల్లాళ్లు నిద్రపోకుండా ఏడవనక్కరలేదు. అది చిన్న కష్టం. పెద్ద కష్టం దీనికి తలకిందులుగా ఉంటుంది. రొమ్ములో కందిగింజంత గడ్డ మొదలైనప్పుడు సి.ఆర్.పి. ఏమీ పెరగకపోవచ్చు. రిపోర్టులో అన్నీ మామూలే అని వస్తుంది. ఆమె దాన్ని మడిచి బీరువాలో పెట్టేస్తుంది, ధైర్యంగా ఉంటుంది. గడ్డ పెరుగుతూనే ఉంటుంది.

సెల్సస్ చెప్పిన నాలుగు లక్షణాలు గుర్తున్నాయా? ఎరుపు, వేడి, వాపు, నొప్పి. ఇవి ఉంటేనే మన ఇళ్లలో డాక్టరు దగ్గరికి వెళతారు. రొమ్ములో మొదలయ్యే కాన్సరు గడ్డకు చాలావరకు ఎరుపు ఉండదు, వేడి ఉండదు, నొప్పి అసలే ఉండదు. గట్టిగా, ఉలుకూ పలుకూ లేకుండా ఉంటుంది. నివురు గప్పిన నిప్పు అంటే ఇదే. "నొప్పి లేదు కదమ్మా, పోనిద్దూ" అని అమ్మమ్మ అంటుంది. "దర్ద్ నహీ హై నా" అని నానీ అంటుంది. నొప్పి లేకపోవడమే డాక్టరు దగ్గరికి వెళ్లడానికి కారణం కావాలి! అరుదుగా ఒక రకం మాత్రం రొమ్మంతా ఎర్రబడి, చర్మం నారింజ తొక్కలా అయి, పాలిచ్చే తల్లులకు వచ్చే వాపులాగా మోసం చేస్తుంది. మందులు వాడినా ఆ వాపు తగ్గకపోతే ఊరుకోకూడదు. రొమ్ము గడ్డలన్నీ కాన్సరు కావు, ఎక్కువ భాగం కావు. ఏది అవునో ఏది కాదో చెప్పేది మాత్రం వైద్యుల చేతిపరీక్ష, రొమ్ము ఫొటో తీసే మామోగ్రాం లేక అల్ట్రాసౌండు, సూదితో తీసిన ముక్కను సూక్ష్మదర్శినితో చూడటం. రక్తంలోని పొగ కాదు.

మన ఊళ్లో ఈ సంగతి ఎంత ముఖ్యమో అంకెలే చెబుతాయి. 2020లో దేశంలోని కాన్సరు నమోదు కేంద్రాల నివేదిక వచ్చింది. 2012నుంచి 2016 వరకు తీసిన లెక్కలవి. ఊళ్ల మధ్య వయసుల తేడాను సరిచేసి చూస్తే, రొమ్ము కాన్సరు అన్నిటికంటె ఎక్కువగా నమోదైనది హైదరాబాదు జిల్లాలోనే – లక్ష మంది స్త్రీలకు ఏటా 48. చెన్నై కూడా మన తర్వాతే. 2022లో దేశం మొత్తం మీద సుమారు 1,92,000 మందికి ఈ జబ్బు వచ్చిందనీ, సుమారు 98,000 మంది చనిపోయారనీ అంచనా. 2010–14 మధ్య జబ్బు బయటపడినవారిలో ఐదేళ్లు బతికినవారు అమెరికాలో నూటికి 90 మంది అయితే మన దేశంలో 66 మంది. వాళ్ల రక్తం మన రక్తం కంటె మేలైనదా? కాదు. మనవాళ్లలో సగానికి పైగా జబ్బు చుట్టుపక్కలకు పాకిన తర్వాత వస్తారు. 30 ఏళ్లు దాటిన స్త్రీలకు ఐదేళ్లకొకసారి రొమ్ము పరీక్ష చేయాలని 2016నుంచి ప్రభుత్వ నిబంధన ఉంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 30నుంచి 49 ఏళ్ల స్త్రీలలో ఎప్పుడైనా ఆ పరీక్ష చేయించుకున్నవారు నూటికి ఒకరు కూడా లేరు!

"సిగ్గుపడే ఆడవాళ్లు రక్తమైనా ఇస్తారు, రొమ్ము పరీక్షకు రారు. ఏదో ఒకటి చేయించుకోవడం మేలు కదా" అని కొందరు వాదిస్తారు. ఈ వాదాన్ని కొట్టిపారేయను. సిగ్గు నిజం, పర్దా నిజం, మగ డాక్టరు ఉన్న గదిలోకి వెళ్లడానికి సంకోచమూ నిజం. కాని సిగ్గుకు మందు తప్పుడు పరీక్ష కాదు. తెర కట్టిన గది, లోపల ఒక ఆడమనిషి – ఆ మందు ఇది. బొంబాయిలో టాటా మెమోరియల్ ఆసుపత్రివారు 1,51,538 మంది స్త్రీలతో, చాలామటుకు మురికివాడలలో, ఇదే చేసి చూశారు. వైద్యులు కాదు, శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలైన స్త్రీలు రెండేళ్లకొకసారి చేతితో రొమ్ము పరీక్ష చేశారు. యంత్రం లేదు, సూది లేదు. ఇరవై ఏళ్ల లెక్కలు 2021లో వచ్చాయి. పరీక్ష జరిగిన వాడలలో జబ్బు ముదరకముందే బయటపడింది. 50 ఏళ్లు, ఆ పైన ఉన్న స్త్రీలలో రొమ్ము కాన్సరు మరణాలు సుమారు 30 శాతం తగ్గాయి. అంతకంటె చిన్నవయసు స్త్రీలలో మరణాల తగ్గుదల స్పష్టంగా కనబడలేదు. ఆ మాట కూడా దాచకుండా రాశారు. వేళ్లకు ఉన్న తెలివి అదీ!

కొన్నేళ్లు అక్టోబరు నెలలో ఈ జబ్బును గుర్తుచేయడానికి చార్మినారుకు గులాబీరంగు దీపాలు వేశారు. చూడ్డానికి బాగుంటుంది, నాకేమీ అభ్యంతరం లేదు. నన్నడిగితే ఆ వెలుగు కొంత గుల్జార్ హౌజ్ వెనక సందుల్లోకి కూడా పోవాలి. 2018లో మన నగరంలో బస్తీ దవాఖానాలు మొదలుపెట్టారు. అలాంటి చోట వారానికి ఒక మధ్యాహ్నం, మగవాళ్లు ఎవరూ లేని వేళ, ఒక తెర, ఒక బల్ల, శిక్షణ పొందిన ఒక నర్సమ్మ. గడ్డ తగిలితే వెంటనే రెడ్ హిల్స్‌లోని ఎం.ఎన్.జె. కాన్సరు ఆసుపత్రికి చీటీ. 1955లో మొదలైన ప్రభుత్వ ఆసుపత్రి అది, చార్మినారునుంచి ఎంతో దూరం లేదు. సి.ఆర్.పి.ని మాత్రం శాస్త్రజ్ఞుల బల్లమీద ఉండనిద్దాం. ఏ కణితి ఎందుకు మళ్లీ లేస్తుంది, ఎవరికి ఏ మందు పనిచేస్తుంది అనే ప్రశ్నలకు వాళ్లు ఇంకా జవాబులు వెతుకుతున్నారు. ఆ పనికి పొగ జాడ వాళ్లకు కావాలి. నర్సమ్మకు కావలసింది తెర, బల్ల, వారానికి ఆ ఒక్క మధ్యాహ్నం.